చివరి నల్లా దగ్గర నిలబడి చూడండి

(తెలంగాణలో కొత్తగా ఎన్నికైన సర్పంచులు, ఉప సర్పంచులు, వార్డు సభ్యుల శిక్షణలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అమ్మా, మీరు కూడా రండి. వార్డు సభ్యురాలు మీరే కదా? మీరే ముందు కూర్చోవాలి. అన్నా, మీరు వెనక వరసలో కూర్చోండి. ప్రమాణం చేసింది ఆమె, రేపు తీర్మానం మీద సంతకం పెట్టేది ఆమె. వినాల్సిందీ ఆమే, అడగాల్సిందీ ఆమే.

చట్టం గురించి పొద్దున మీకు వివరంగా చెప్పారు. 73వ రాజ్యాంగ సవరణ, 11వ షెడ్యూలులోని 29 అంశాలు, మన 2018 పంచాయతీరాజ్ చట్టం, అవన్నీ విన్నారు. నేను మళ్లీ వాటి జోలికి పోను. పొద్దున అయిదింటికి మొదలయ్యే పని గురించి మాట్లాడతాను. మీ ఊరి మనిషి లేవగానే పంచాయతీని ఎక్కడ చూస్తాడు? ఆఫీసులో చూస్తాడా? చూడడు. నల్లా దగ్గర చూస్తాడు. మోరీ దగ్గర చూస్తాడు. చెత్త ట్రాక్టరు వచ్చిందా లేదా అని చూస్తాడు. రాత్రి స్తంభం మీద బుగ్గ వెలిగిందా అని చూస్తాడు. అక్కడ మీరు కనపడాలి.

ఈ పూట మీ దగ్గర ఒకే ఒక్క మాట పదే పదే వాడతాను. ఆ మాట "ఎంత?" ట్యాంకులో బ్లీచింగ్ వేశారా అని అడక్కండి. వేశామనే అంటారు. ఎంత వేశారు అని అడగండి. మోరీ తీశారా అనొద్దు. ఎన్ని మీటర్లు తీశారు అనాలి. పన్ను వసూలైందా అనొద్దు. ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అనాలి. సరేనా?

నీళ్లతో మొదలుపెడదాం. ఎక్కువసేపు దీని మీదే ఉంటాను, ఎందుకంటే మిగతా పనుల్లో తప్పు జరిగితే ఊరు తిడుతుంది, నీళ్లలో తప్పు జరిగితే ఊరు ఆసుపత్రిలో పడుతుంది.

మిషన్ భగీరథ పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కతో కట్టిన పథకం. మీ ఊళ్లో 2,000 మంది ఉంటే రోజుకు 2 లక్షల లీటర్లు. ఆ నీళ్లు శుద్ధి అయి, క్లోరిన్ కలిసి మీ ట్యాంకు దాకా వస్తాయి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. "అది శుద్ధి చేసిన నీరే కదా, మళ్లీ మనం చూసేదేముంది?" అంటారు. క్లోరిన్ నీళ్లలో శాశ్వతంగా ఉండదు. పైపులో ప్రయాణం చేస్తుంటే తగ్గిపోతుంది, ట్యాంకులో నిలవుంటే తగ్గిపోతుంది, ట్యాంకు అడుగున మడ్డి ఉంటే ఆ మడ్డి తినేస్తుంది. ట్యాంకు దగ్గర బాగున్న నీళ్లు చివరి నల్లా దగ్గర బాగుండాలని లేదు.

మరి ఎక్కడ కొలవాలి? చెప్పండి. అవును, చివరి నల్లా దగ్గర. ట్యాంకుకు దూరంగా, ఊరి కొసన, లైను ఆగిపోయే చోట ఏ ఇల్లు ఉందో ఆ ఇంటి నల్లా దగ్గర. క్లోరిన్ ఎంత ఉందో చూపే క్లోరోస్కోపు అనే చిన్న పెట్టె ఉంటుంది. నల్లాను ఒక నిమిషం వదిలేయండి, పైపులో నిలవున్న నీళ్లు పోనివ్వండి. గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టండి. ఆర్థోటాలిడిన్ మందు, పెట్టె మీద ఎన్ని చుక్కలని రాసి ఉంటే అన్ని చుక్కలు వేయండి. పసుపు రంగు వస్తుంది. పక్కన ఉన్న రంగుతో పోల్చండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. తాగునీటి జాతీయ ప్రమాణం అది. ఊళ్లో వాంతులు విరేచనాలు మొదలైతే 0.5 దాకా ఉంచుతారు. రంగే రాలేదనుకోండి, ఆ నీళ్లకు రక్షణ లేదని అర్థం. చూడ్డానికి అద్దంలా ఉండొచ్చు. అద్దంలా ఉన్న నీళ్లలో కలరా ఉండదని ఎవరైనా చెప్పగలరా? ఒక జాగ్రత్త. ఆ మందు విషం. చేతికి తగలనీయొద్దు, పరీక్ష చేసిన నీళ్లు ఎవరూ తాగకుండా పారబోయండి, పెట్టెను పిల్లలకు అందనీయొద్దు.

ఇప్పుడు బ్లీచింగ్ లెక్క. రాసుకోండి. కొత్త బ్లీచింగ్ పౌడర్‌లో సుమారు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. గోదాములో ఉండి, మీ ఆఫీసు మూలన ఉండి, మూతి విప్పి ఉండి మీ చేతికొచ్చేసరికి నాలుగో వంతు ఉంటే మంచిదే. అందుకని నాలుగో వంతుగా లెక్క కడదాం. 40 వేల లీటర్ల ట్యాంకు. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. 40 వేలను 2తో పెంచితే 80 వేల మిల్లీగ్రాములు, అంటే 80 గ్రాములు. పౌడర్‌లో నాలుగో వంతే క్లోరిన్ కాబట్టి దానికి నాలుగింతలు, 320 గ్రాముల పౌడర్. ఇది బోరు నీళ్లతో నింపిన ట్యాంకు లెక్క. భగీరథ నీళ్లయితే ముందు ట్యాంకులో పరీక్ష చేయండి. అప్పటికే క్లోరిన్ ఉంటే మందు తగ్గుతుంది. కళ్లు మూసుకుని 320 వేసేయొద్దు.

"రెండు దోసిళ్లు వేశాను సార్" అంటారు. ఎవరి దోసిలి? చిన్న తూనిక కొనండి, కిరాణా కొట్టులో వాడేది. లేదా ఒకసారి తూచి, అంత పట్టే డబ్బా ఒకటి పెట్టి, దాని మీద గీత గీయండి. నీళ్లు వదిలే మనిషికి చదువు రాకపోయినా గీత కనపడుతుంది.

వేసే పద్ధతి. పౌడర్ పౌడర్‌గా ట్యాంకులో పోయకూడదు. ప్లాస్టిక్ బకెట్టులో కొంచెం నీళ్లతో ముద్దలా కలపండి, ఉండలు లేకుండా. తర్వాత బకెట్టు నిండా నీళ్లు పోసి కలిపి ఓ పది నిమిషాలు కదపకుండా పెట్టండి. సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేరుకున్న నీళ్లు మాత్రమే ట్యాంకులో పోయాలి. అడుగు సున్నం పోస్తే ట్యాంకులో మడ్డి పెరుగుతుంది, నల్లాల్లో తెల్లగా వస్తుంది, "మందు వేసి నీళ్లు పాడుచేశారు" అని ఊరంతా గొడవ. ట్యాంకు సగం నిండాక పోయండి, మిగతా సగం పడుతుంటే అదే కలుస్తుంది. నిండాక అరగంట ఆగండి. ఆ అరగంట ముఖ్యం. క్రిములను చంపడానికి క్లోరిన్‌కు అంత సమయం కావాలి. చాలా ఊళ్లలో పైన మందు పోస్తూనే కింద వాల్వు తిప్పుతారు. మందు వాసన ఇంటికి చేరుతుంది, పని మాత్రం జరగదు.

ట్యాంకు కడగడం నెలకు మూడుసార్లు. 1, 11, 21 తేదీలు. చాలా ట్యాంకుల మీద పెయింటుతో ఆ తేదీలు రాసి ఉంటాయి. రాసి ఉండడం వేరు, కడగడం వేరు. కడిగే రోజు వార్డు సభ్యులు ఒకరు కింద నిలబడండి. ట్యాంకు ఎక్కేది ఒకడే అయినా కింద ఇంకో మనిషి తప్పనిసరిగా ఉండాలి. నీళ్లు అడుగు లోతుకు దిగాక, గోడలు కొబ్బరి పీచు బ్రష్షుతో రుద్ది, మడ్డి నీళ్లు కడుగు వాల్వు నుంచి బయటికి వదలాలి. గమనించండి, కడుగు వాల్వు నుంచి, ఊరి లైనులోకి కాదు. మామూలు నీళ్లతో ఒకసారి కడిగాక బ్లీచింగ్ నీళ్లతో ఇంకోసారి. ఆ ఘాటులో మనిషిని ఎక్కువసేపు ఉంచొద్దు. చివరికి మూత. మూత లేని ట్యాంకులో పావురాలు, కోతులు ఏం చేస్తాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇన్ని చేసినా విరేచనాలు ఎందుకు వస్తాయి? దీనికి కారణం దాదాపు ప్రతిసారీ పైపులోనే దొరుకుతుంది. మన ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వస్తాయి. మిగతా సమయం పైపు ఖాళీ. వాల్వు కట్టేసినప్పుడు పైపులో నీళ్లు కిందికి జారుతూ బయటి నుంచి పీల్చుకుంటాయి. ఆ పైపు ఎక్కడుంది? మోరీ పక్కన, కొన్నిచోట్ల మోరీలోనే. జాయింటు దగ్గర చిన్న సందు ఉంటే మోరీ నీళ్లు లోపలికి పోతాయి. మర్నాడు మొదటి బిందెలో అవే వస్తాయి. నీళ్లు పైకి రావట్లేదని నేల తవ్వి గుంతలో నల్లా పెట్టుకుంటారు చూడండి, అది మరీ ప్రమాదం. ఆ గుంతలో గిన్నెలు కడిగిన నీళ్లు నిలుస్తాయి, వాల్వు కట్టగానే నల్లా వాటిని పీలుస్తుంది. నల్లాకు మోటారు బిగించినా ఇదే, పీల్చే బలం ఇంకా ఎక్కువ.

అందుకని వార్డు సభ్యులు చేయాల్సింది ఏమిటంటే, మీ వార్డులో నడవండి. మోరీ దాటే పైపులు ఎన్ని? గుంత నల్లాలు ఎన్ని? లీకులు ఎన్ని? ఒక కాగితం మీద రాయండి. గుంత నల్లాలు పూడ్పించి, పైపు పైకి లేపించి, ప్రతి నల్లాకు తిప్పి నీళ్లు ఆపే బిరడా పెట్టించండి. మోరీ దాటే చోట పైపుకు ఇంకో పెద్ద పైపు తొడిగించండి, లేదా పైపును మోరీ పైనుంచి తిప్పండి. లీకుకు కూడా లెక్క ఉంది. లీకు కింద 15 లీటర్ల బకెట్టు పెట్టండి. నిమిషంలో నిండిందా? రెండు గంటల సరఫరాలో 1,800 లీటర్లు పోయినట్టు. అంటే 18 మంది వాటా ఆ ఒక్క జాయింటు దగ్గర మట్టిలో కలిసింది. ఈ లెక్క చెప్పి చూడండి, ప్లంబర్‌ను పిలవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇంకో మాట, ఇది నల్లగొండ వైపువాళ్లు బాగా ఎరుగుదురు. భగీరథ నీళ్లు రెండు రోజులు రాకపోతే వెంటనే పాత బోరు మోటారు వేసి ట్యాంకు నింపుతారు. ఆ బోరులో ఫ్లోరైడ్ ఎంత ఉందో చూశారా? లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారే లేనప్పుడు 1.5 దాకా. బ్లీచింగ్ ఫ్లోరైడ్‌ను ఏమీ చేయదు, మరగబెట్టినా పోదు. అలాంటి బోరు నీళ్లు వాడుకకు మాత్రమేనని ముందే చాటింపు వేయించి, తాగడానికి ట్యాంకర్ తెప్పించండి.

సరే, మోరీల దగ్గరికి వద్దాం.

మోరీ ఎందుకు నిలుస్తుంది? ప్లాస్టిక్ కవర్లు వేశారంటారు. నిజమే, వేస్తారు. కానీ కవర్లు తీసినా నిలిచే మోరీలు ఉన్నాయి. వాటికి వాలు లేదు. చిన్న సిమెంటు మోరీకి 200 మీటర్ల పొడవుకు కనీసం ఒక మీటరు దిగాలి. 100 మీటర్లకు అర మీటరు. అంతకంటే తక్కువైతే నీళ్లు నడుస్తాయి గానీ మట్టిని మోసుకుపోలేవు, మట్టి అక్కడే దిగుతుంది. కొత్త మోరీ కట్టేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? నీళ్లు చివరికి పోయి పడే చోట మొదలుపెట్టాలి. మనవాళ్లు ఎక్కడ మొదలుపెడతారు? బాగా అడిగేవాళ్ల ఇంటి ముందు మొదలుపెడతారు. అక్కడి నుంచి వచ్చి వచ్చి కల్వర్టు దగ్గరికి చేరేసరికి మోరీ అడుగు కల్వర్టు కంటే కిందికి పోతుంది. ఇక ఆ నీళ్లు ఎక్కుతాయా? ఎక్కవు. తర్వాత ఇరవై ఏళ్లు ఆ వార్డులో దోమలే.

ఇంజనీరు రాలేదని ఊరుకోవద్దు. మేస్త్రీల దగ్గర లెవెల్ పైపు ఉంటుంది, నీళ్లు నింపిన సన్న పారదర్శకపు గొట్టం. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు పట్టుకుని, నీటి మట్టం నుంచి మోరీ అడుగు దాకా టేపుతో కొలవండి. రెండు కొలతల తేడానే వాలు. బెడ్డు కాంక్రీటు పోయకముందే ఇది చూడాలి. పోశాక చూసి ఏం లాభం?

పూడిక తీయడానికి కూడా లెక్క పెట్టుకోండి. ఊళ్లో మోరీలు మొత్తం 3 కిలోమీటర్లు అనుకుందాం. వారానికి ఆరు పని దినాలు. రోజుకు 500 మీటర్లు. ఇద్దరు కార్మికులుంటే ఒక్కొక్కరికి 250 మీటర్లు. అది వాళ్ల చేతనవుతుందా? పేరుకుపోయిన మోరీ అయితే కాదు, వారం వారం తీసే మోరీ అయితే అవుతుంది. అందుకే మొదట ఒకసారి అదనపు కూలీలను పెట్టి మొత్తం తీయించండి, తర్వాత సోమవారం ఈ వార్డు, మంగళవారం ఆ వార్డు అని చార్టు రాసి గోడకు అంటించండి. తీసిన మట్టి మోరీ గట్టు మీద వదిలేస్తే ఏమవుతుంది? మొదటి వానకు మళ్లీ అందులోకే. ఒక రోజు ఆరనిచ్చి, రెండో రోజు ట్రాక్టరులో ఎత్తించాలి. ఎత్తించే తారీఖు కూడా చార్టులో ఉండాలి.

దోమల సంగతి రెండు మాటలు. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన ఎండలకు ఎనిమిది, పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే పెట్టారు. వారానికోసారి తొట్టి బోర్లిస్తే నీళ్లలోని పురుగు దోమ కాలేదు. ఫాగింగ్ ఎగిరే దోమనే చంపుతుంది, నీళ్లలో ఉన్నదాన్ని చంపదు. పొగ కొట్టించామని తృప్తి పడొద్దు. నిలిచిన మురుగు మీద టెమిఫాస్, అంటే నీళ్లలోని దోమ పురుగును చంపే మందు, కొట్టేటప్పుడు కొలత 10 లీటర్ల నీళ్లకు 2.5 మిల్లీలీటర్లు. చూశారా, ఇక్కడ కూడా ఎంత అనేదే. మూతతో పోస్తే కుదరదు, సిరంజీ పెట్టండి.

మోరీ లేని గల్లీలో, లేదా మోరీ పోసే చోటు లేని గల్లీలో ఇంకుడు గుంత మేలు. నిజామాబాద్ అవతల నాందేడ్ జిల్లా ఊళ్లలో ఇంటింటికీ ఇవి తవ్వి వీధి మోరీ నీళ్లే లేకుండా చేసుకున్నారు. నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతు. మధ్యలో చుట్టూ బెజ్జాలున్న సిమెంటు తొట్టి. తొట్టి కింద, చుట్టూ పెద్ద రాళ్లు, వాటి మీద చిన్న రాళ్లు. వాడిన నీళ్లు తొట్టిలో పడాలి, జిడ్డు, మెతుకులు అందులో ఆగాలి, నెలకోసారి ఆ తొట్టి శుభ్రం చేసుకోవాలి. అది చేయకపోతే రాళ్ల సందులన్నీ జిడ్డుతో మూసుకుపోయి ఏడాదిలో గుంత చచ్చిపోతుంది. మరుగుదొడ్డి నీళ్లు ఇందులోకి రానే కూడదు. తాగే బోరుకు 30 అడుగులన్నా దూరం ఉండాలి. నల్లరేగడి నేలలో నీళ్లు ఇంకవు. అక్కడ ఇది పెట్టి పథకం పాడైందని అనొద్దు, అక్కడ మోరీయే కట్టాలి.

చెత్త. పల్లె ప్రగతిలో ఊరూరికీ ట్రాక్టరు, ట్రాలీ వచ్చాయి. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని ఇంట్లో అక్కలు వేరు చేసి పెడతారు. మన ట్రాక్టరు వచ్చి రెండూ ఒకే ట్రాలీలో గుమ్మరిస్తుంది. ఇక వాళ్లెందుకు వేరు చేయాలి? వారం చేస్తారు, రెండో వారం మానేస్తారు. తప్పు వాళ్లది కాదు. ట్రాలీ మధ్యలో ఒక చెక్క అడ్డం పెట్టించండి. ఖర్చు ఎంత? వెల్డింగ్ కొట్లో సగం పూట పని.

షెడ్డులో ఎరువు చేసేవాళ్లు చేసే తప్పు ఒకటే. పచ్చి చెత్తలో వెంటనే వానపాములు వదులుతారు. పచ్చి చెత్త కుళ్లేటప్పుడు వేడెక్కుతుంది, పాములు చచ్చిపోతాయి. పేడ నీళ్లు చల్లుతూ 15 నుంచి 20 రోజులు మగ్గనివ్వండి. చెయ్యి పెట్టి చూడండి, వేడి తగ్గాక పాములు వదలండి. తడి ఎంత? పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువ, పొడిగా రాలితే తక్కువ. నెలన్నర, రెండు నెలల్లో టీ పొడిలా అవుతుంది. తీసే ముందు మూడు నాలుగు రోజులు నీళ్లు ఆపితే పాములు తడి వెతుక్కుంటూ అడుక్కు పోతాయి, పైది ఎత్తుకోవచ్చు. ఇక పొడి చెత్తకు నిప్పు పెట్టడం మాత్రం మానాలి. డంపింగ్ యార్డు పొగ ఊరి మీదికే వస్తుంది.

ఈ పనులు చేసేవాళ్ల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. సఫాయి కార్మికులు, మల్టీ పర్పస్ వర్కర్లు. వాళ్ల చేతులకు గ్లోవ్స్, కాళ్లకు బూట్లు, సబ్బు, నూనె ఇవ్వడం దయ కాదు, పంచాయతీ బాధ్యత. జీతం నెలలు నెలలు ఆపి, మోరీ తియ్యలేదని మీటింగులో నిలదీయడం అన్యాయం. నెల మీటింగులో మొదటి అంశంగా వాళ్ల జీతం పెట్టండి. వచ్చిందా? ఎంత బాకీ? ఏ తారీఖున ఇస్తాం? రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. యజమాని బతిమాలినా, కార్మికుడు నేనే దిగుతానన్నా ఒప్పుకోవద్దు. అందులో గాలి రెండు నిమిషాల్లో మనిషి ప్రాణం తీస్తుంది, కాపాడబోయిన రెండో మనిషిదీ తీస్తుంది. మిషన్ బండి వచ్చేదాకా ఆగండి.

వీధి దీపాలు తొందరగా చెప్తాను. 30 వాట్ల దీపాలు 150 ఉన్నాయనుకోండి. రాత్రి 12 గంటలు వెలిగితే 54 యూనిట్లు. పగలు కూడా ఆర్పకపోతే ఇంకో 54. నెలకు 1,620 యూనిట్లు ఎండలో వెలిగినట్టు. మీ కరెంటు బిల్లు మీద యూనిట్ ధర చూసి పెంచుకోండి, ఆ డబ్బుతో ఎన్ని కొత్త దీపాలు వస్తాయో తెలుస్తుంది. దీపాలకు వేరే తీగ, స్విచ్చు, మీటరు ఉంటేనే ఆర్పడం సాధ్యం. లేని చోట ముందు అది వేయించండి. ప్రతి స్తంభానికీ నంబరు వేయండి. "మా ఇంటి ముందు లైటు" అంటే ఎక్కడని వెతకాలి? "47వ స్తంభం" అంటే నేరుగా పోతారు. ఒక హెచ్చరిక. బుగ్గ మార్చడానికి స్తంభం ఎక్కే పని వార్డు సభ్యులది కాదు, ఊళ్లో పిల్లలది కాదు. లైన్ ఆపించాకే, పని తెలిసిన మనిషే ఎక్కాలి.

మొక్కలు మన చట్టంలోనే ఉన్నాయి. నాటినవాటిలో 85 శాతం బతకాలి. కాబట్టి ఎన్ని నాటామన్నది కాదు, ఎన్ని బతికాయన్నదే రిజిస్టరులో ఉండాలి. చచ్చినచోట వానాకాలంలోనే మళ్లీ పెట్టండి, వేసవిలో పెట్టి లెక్క నింపొద్దు.

ఇప్పుడు డబ్బు, కాగితం. ఇక్కడ నిద్ర వస్తుంది, తెలుసు. కానీ సర్పంచులు, ఉప సర్పంచులు, మీరిద్దరూ కొంచెం ముందుకు వంగి వినండి. చెక్కు మీద మీ ఇద్దరి సంతకాలూ ఉండాలని 2018 చట్టం పెట్టింది. ఒకరు సంతకం పెట్టారని రెండోవారు చూడకుండా పెట్టడం, అలిగి నెలల తరబడి పెట్టకపోవడం, రెండూ ఊరికి నష్టమే. సంతకానికి ముందు మూడు కాగితాలు అడగండి. తీర్మానం ఉందా? పని కొలిచి రాసిన ఎం.బి., అంటే కొలతల పుస్తకం ఉందా? బిల్లు ఉందా? మూడూ ఉంటే ఆపకండి. ఒకటి లేకున్నా పెట్టకండి.

తీర్మానం రాయడం నేర్చుకోవాలి. "3వ వార్డులో మోరీ బాగుచేయుటకు తీర్మానించడమైనది" అని రాస్తారు. ఏ మోరీ? ఎంత? ఏ డబ్బు? దీని మీద ఆడిట్ అడిగితే ఎవరు చెప్తారు? ఇలా రాయండి. "3వ వార్డులో బడి మూల నుంచి కల్వర్టు వరకు 80 మీటర్ల మోరీ పూడిక తీయించుటకు, అంచనా ఇంత, ఫలానా నిధి నుంచి, ఫలానా తేదీలోగా, పర్యవేక్షణ 3వ వార్డు సభ్యురాలు." అప్పుడు ఆ పని ఎక్కడికీ పారిపోదు. తీర్మానాల పుస్తకంలో ఖాళీ లైన్లు వదలొద్దు. ఖాళీ పేజీ మీద సంతకం అసలే వద్దు, అడిగింది ఎవరైనా సరే. మీటింగు అయిపోయాక, రాసింది చదివించుకుని అప్పుడు పెట్టండి.

నిధుల్లో ఒక్క విషయం గుర్తుంచుకోండి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన డబ్బులో 60 శాతం ముడిపెట్టిన నిధి. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి, జీతాలకు మాత్రం కాదు. "ఖాతాలో డబ్బు ఉంది, సీసీ రోడ్డు వేద్దాం" అనే ముందు అది ఏ డబ్బు అని అడగండి. మరి పూర్తిగా మన చేతిలో ఉండే డబ్బు ఏది? ఇంటి పన్ను. డిమాండు, వసూలు, బకాయి, ఈ మూడు అంకెలు సర్పంచికి నోటికి రావాలి. బకాయి ఎందుకుంటుంది? కొంత కట్టకపోవడం వల్ల. ఇంకా ఎక్కువ నష్టం రిజిస్టరుకు ఎక్కని ఇళ్ల వల్ల. పైన ఇంకో అంతస్తు వేశారు, పన్ను పాత పెంకుటింటిదే. వీధి వీధీ తిరిగి ఇళ్లు లెక్కపెట్టి రిజిస్టరుతో సరిచూడండి. రసీదు లేకుండా రూపాయి తీసుకోవద్దు, వసూలైన డబ్బు ఎవరి జేబులోనూ నిద్ర చేయకూడదు.

గ్రామసభ రెండు నెలలకోసారి. కోరం, అంటే సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, మీ ఓటర్ల సంఖ్యను బట్టి ఉంటుంది, కార్యదర్శిని అడిగి ముందే ఆ అంకె తెలుసుకోండి. మధ్యాహ్నం పన్నెండింటికి సభ పెట్టి "ఎవరూ రారు సార్" అంటే ఎలా? నాట్లు వేసే నెలలో ఎవరొస్తారు? సాయంత్రం పెట్టండి. ముందు రోజు, అదే రోజు పొద్దున, రెండుసార్లు చాటింపు. సభలో మొదట ఏం చదవాలి? పోయిన సభలో ఏం అనుకున్నాం, ఏది అయ్యింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు. తర్వాత జమ, ఖర్చు, గట్టిగా చదవాలి. అడిగేటప్పుడు ముందు ఆడవాళ్లను అడగండి. నీళ్లు ఎన్ని గంటలకు వచ్చాయో, ఎంతసేపు వచ్చాయో వాళ్లకే తెలుసు.

జనన మరణాల నమోదు గురించి ఇంటింటికీ చెప్పండి. 21 రోజుల్లోపు అయితే ఖర్చు లేదు, తిరుగుడు లేదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకీ, ఊరికీ ఈ పత్రమే రుజువు. బడికి, పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి. పేరులో అక్షరం తప్పు పడకుండా తల్లిదండ్రులకు చూపించి రాయించండి.

అమ్మా, చెయ్యెత్తారు, అడగండి. మైకు ఇవ్వండి ఆమెకు.

అందరికీ వినపడిందా? ఆమె అడిగింది, "మాది ఊరి కొసన వార్డు. మా నల్లాలో నీళ్లే సరిగ్గా రావు, ఇక క్లోరిన్ ఎక్కడ కొలవమంటారు?" అని. చాలా మంచి ప్రశ్న. ఆలస్యమైనా దీనికి జవాబు చెప్పే పోతాను.

మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. ఏదో తెలుసుకోవడానికి ఇలా చేయండి. ఒక రోజు పైవార్డుల వాల్వులన్నీ కట్టించి, మీ వార్డు వాల్వు ఒక్కటే విప్పించండి. నీళ్లు జోరుగా వచ్చాయా? అయితే పైపు బాగానే ఉంది, పంచడంలో తేడా ఉంది. అప్పటికీ రాలేదా? పైపులోనే లీకో, అడ్డమో ఉంది, తవ్వి చూడాలి. రెండో పరీక్ష. నీళ్లు వదిలే సమయంలో కరెంటు పోయిందనుకోండి, అప్పుడు మీ నల్లా ధార ఒక్కసారిగా పెరిగిందా? పెరిగితే పైన ఎవరో మోటార్లు బిగించారు. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నీళ్లు వదిలే గంటలో ఆ గల్లీల్లో తిరిగి చూడండి, మోటారు చప్పుడు వినపడుతుంది.

పంచడంలోనే తేడా అయితే, ముందు కొసన ఉన్న వార్డుకు వదిలి, తర్వాత దగ్గరి వార్డులకు వదలమనండి. లేదా పైవార్డుల వాల్వులు పూర్తిగా విప్పకుండా సగం దగ్గర ఆపించండి. ఒక్కో వాల్వు పూర్తిగా విప్పడానికి ఎన్ని చుట్లు పడతాయో లెక్కపెట్టించండి. పన్నెండు చుట్ల వాల్వు అయితే ఆరు చుట్ల దగ్గర ఆపి, మీ నల్లా కింద బిందె పెట్టి చూడండి. నిండలేదా, ఇంకో చుట్టు తగ్గించండి. కుదిరిన చుట్ల సంఖ్యను వాల్వు గుంత మూత మీద పెయింటుతో రాయించండి. నీళ్లు వదిలే మనిషి సెలవు పెట్టి ఇంకొకరు వచ్చినా ఆ అంకె చూసి తిప్పుతారు.